నర్స్ ఎడ్యుకేటర్ ఇంటర్వ్యూకు 4 వారాల ఆన్‌లైన్ శిక్షణ: ఏది పనికొచ్చింది, ఏది రాలేదు

ఐసీయూలో 11 ఏళ్ళు పనిచేశాక నర్స్ ఎడ్యుకేటర్ పోస్టుకు, అంటే తోటి నర్సులకు నేర్పే ఉద్యోగానికి, దరఖాస్తు పెట్టుకున్నాను. ఇంటర్వ్యూకు ఐదు వారాల గడువు ఉందని తెలిసిన మరునాడే ఒక ఆన్‌లైన్ శిక్షణలో చేరాను. రికార్డు చేసిన పాఠాలు, ప్రశ్నల బ్యాంకు, రెజ్యూమె పరిశీలన, మనం చేసి పంపిన డెమో క్లాసు మీద సమీక్ష, రెండు మాక్ ఇంటర్వ్యూలు, అన్నీ కలిపి నాలుగు వారాల ప్యాకేజీ అది. సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటి సేవలు చాలానే ఉన్నాయి, వాటి అమరిక కూడా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది కనుక, ప్యాకేజీలో ఏ భాగం మీద సమయం పెట్టాలో, ఏ భాగాన్ని నిస్సంకోచంగా వదిలేయవచ్చో చెబితే చదివేవారికి ఎక్కువ ఉపయోగమని నాకనిపించింది.

మొత్తానికి ఐదు నక్షత్రాలకు మూడు ఇస్తాను. అందులో రెండు నక్షత్రాలు డెమో క్లాసు సమీక్షకే చెందుతాయి. మిగిలిన ఒకటి తక్కినవన్నీ పంచుకోవాలి.

ఈ ఇంటర్వ్యూ మామూలు స్టాఫ్ నర్సు ఇంటర్వ్యూ లాంటిది కాదన్న సంగతి చేరేముందే కాస్త తెలుసు గాని, ఎంత వేరుగా ఉంటుందో తెలియదు. స్టాఫ్ నర్సును రోగి బీపీ పడిపోతే ఏం చేస్తారని అడుగుతారు. ఎడ్యుకేటర్‌ను మాత్రం, డ్యూటీలో చేరి ఆరు వారాలైన కొత్త నర్సు ఆ బీపీ పడబోతోందని ముందే పసిగట్టేలా ఎలా తయారుచేస్తారని అడుగుతారు. మొదటి ప్రశ్నకు జవాబు మన చేతులకు తెలుసు. రెండో ప్రశ్నకు, చేతులకు తెలిసినదాన్ని విడదీసి మాటల్లో పెట్టాలి, పైగా అది ఎదుటివారి చేతికి అందిందో లేదో కనిపెట్టే దారి కూడా చెప్పాలి. అనుభవం ఎక్కువైన కొద్దీ ఈ పని తేలికవుతుందని అనుకుంటాం గాని నిజానికి కష్టమవుతుంది. నర్సింగ్ పరిశోధకురాలు పాట్రీషియా బెన్నర్ 1984లో వివరించిన నైపుణ్యపు ఐదు దశల్లో, కొత్తగా చేరినవారు నియమాలను పట్టుకుని నడుస్తారు, చివరి దశకు చేరిన నిపుణులు నియమాలతో పనిలేకుండా పరిస్థితిని మొత్తంగా చూసి కదులుతారు. విమానం నడిపేవారినీ చదరంగం ఆడేవారినీ పరిశీలించి డ్రైఫస్ సోదరులు రూపొందించిన నమూనాను ఆమె నర్సింగ్‌కు అన్వయించారు. "చూడగానే తెలిసిపోయింది" అనే సీనియర్ సిస్టర్ అబద్ధం చెప్పడం లేదు. ఎలా తెలిసిందో ఆమెకే విడమరిచి చెప్పడం రాదు, అంతే.

శిక్షణలో బెన్నర్ మీద 12 నిమిషాల పాఠం ఉంది. ఐదు దశల పేర్లు, ఒక్కోదానికి ఒక్కో వాక్యం, ఇంటర్వ్యూలో ఈ పేరు ఎత్తితే మంచి అభిప్రాయం కలుగుతుందన్న సలహా, అంతటితో సరి. అసలు మెలిక పాఠం చెప్పినవారికి తట్టినట్టు లేదు. ఈ పోస్టుకు వెళ్ళే మనం పడక దగ్గర ఐదో దశలో, తరగతి గదిలో మొదటి దశలో ఉంటాం. ఆ మాటను సూటిగా ఒప్పుకుని, ఆ దూరాన్ని ఎలా దాటాలనుకుంటున్నామో చెప్పగలిగిన అభ్యర్థి మీద ప్యానెల్‌కు నమ్మకం కలుగుతుంది. ఈ సంగతి నాకు పాఠం వల్ల తెలియలేదు, డెమో క్లాసులో చతికిలబడ్డాక తెలిసింది. దాని గురించి కింద రాస్తాను.

రెజ్యూమె పరిశీలన గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. నేను చేసిన ఉద్యోగాల జాబితాను తగ్గించి, బోధనకు సంబంధించిన పనులను పైకి తెమ్మన్నారు. ప్రిసెప్టర్‌గా (కొత్త నర్సు పక్కనే ఉండి పని నేర్పే సీనియర్‌గా) ఎంతమందిని చూసుకున్నాను, ఏ కాంపిటెన్సీ (పని సామర్థ్యం) చెక్‌లిస్టు తయారీలో పాలుపంచుకున్నాను, కొత్త ఇన్ఫ్యూజన్ పంపు వచ్చినప్పుడు షిఫ్టులవారీగా ఎవరికి నేర్పాను అన్నవి మొదటి పేజీలోకి వచ్చాయి. మంచి సలహానే. అయితే ఈ పని చదువుకున్న స్నేహితులెవరైనా ఒక సాయంత్రం కూర్చుని చేసిపెట్టగలరు.

ప్రశ్నల బ్యాంకు దగ్గర నాకు అసలైన అసంతృప్తి మొదలైంది. ప్రశ్నలు ఫరవాలేదు. వాటి కింద ఇచ్చిన నమూనా జవాబులు మాత్రం ఒకే మూసలో పోసినట్టుంటాయి: "నేను అభ్యాసకుల కేంద్రంగా బోధించడాన్ని నమ్ముతాను, ప్రతి ఒక్కరి అభ్యసన శైలిని గౌరవిస్తాను" అనే ధోరణిలో సాగుతాయి. ఇందులో రెండో భాగం మరీ ఇబ్బందికరం. కొందరు చూసి నేర్చుకుంటారు, కొందరు విని నేర్చుకుంటారు, ఆ శైలికి తగ్గట్టు బోధిస్తే ఫలితం మెరుగవుతుంది అన్న వాదనకు పరిశోధనల్లో తగిన ఆధారం దొరకలేదని విద్యారంగంలో చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు. ప్యానెల్‌లో చదువుకున్నవారు ఒక్కరున్నా ఆ వాక్యం దగ్గరే ఆపి, ఆధారమేమిటని అడుగుతారు. ఆధారాలతో కూడిన నర్సింగ్ గురించి పది నిమిషాల ముందే గొప్పగా చెప్పిన అభ్యర్థి అప్పుడు ఏ ముఖం పెట్టుకోవాలి?

ఇంకో జవాబులో కిర్క్‌పాట్రిక్ నాలుగు స్థాయిలు అని రాసి, వాటి కింద మిల్లర్ పిరమిడ్‌లోని నాలుగు మెట్లను ఇచ్చారు. రెండింటిలోనూ నాలుగే ఉన్నాయి కాబట్టి పొరపాటు దొర్లి ఉంటుంది గాని, రెండింటి పని వేరు. జార్జ్ మిల్లర్ 1990లో ఇచ్చిన పిరమిడ్ ఒక వ్యక్తి సామర్థ్యాన్ని ఎక్కడ పరీక్షిస్తున్నామో చెబుతుంది: విషయం తెలుసా, ఎలా చేయాలో తెలుసా, చేసి చూపగలరా, నిజంగా పనిలో చేస్తున్నారా. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో ప్రతిపాదించినది శిక్షణ కార్యక్రమాన్ని అంచనా వేయడానికి: వచ్చినవారికి నచ్చిందా, ఏమైనా నేర్చుకున్నారా, వార్డులో ప్రవర్తన మారిందా, ఆసుపత్రికి ఫలితం కనిపించిందా. తప్పు చూపిస్తూ నేను మెయిల్ పెట్టాను. నాలుగో రోజున కృతజ్ఞతలు చెబుతూ జవాబు వచ్చింది. నా గడువు ముగిసేవరకూ ఆ పేజీ మాత్రం మారలేదు.

ఈ పేర్లు, సంవత్సరాలు వల్లెవేయడం వల్ల ఇంటర్వ్యూలో ఒరిగేది తక్కువ. ఒక్క నమూనాను తీసుకుని మన వార్డు పనికి అతికించి చూపగలగడం ఎక్కువ ఉపయోగం. నేను కిర్క్‌పాట్రిక్‌ను సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే గొట్టం) సంరక్షణ శిక్షణకు అతికించుకుని సిద్ధమయ్యాను. శిక్షణ చివర నింపే ఫారంలో అందరూ బాగుందనే రాస్తారు, అది మొదటి స్థాయి. ముందూ వెనకా పెట్టిన పరీక్షలో మార్కుల తేడా రెండో స్థాయి. నెల తరువాత వార్డుకు వెళ్ళి, హబ్‌ను (గొట్టం బయటి కొసను) క్రిమినాశక మందుతో రుద్ది ఆరనిస్తున్నారా లేదా అని పక్కన నిలబడి చూడటం మూడో స్థాయి. రక్తప్రవాహ ఇన్ఫెక్షన్ల లెక్క తగ్గడం నాలుగోది. ఈ నాలుగో దాని దగ్గర ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. ఇన్ఫెక్షన్లు తగ్గాయంటే దానికి శిక్షణతో పాటు సామగ్రి మారడం, సిబ్బంది పెరగడం, రోగుల తీరు మారడం వంటి కారణాలు కూడా ఉండవచ్చు, ఘనతంతా నా క్లాసుదే అంటే ప్యానెల్ నవ్వుకుంటుంది. శిక్షణ ఇచ్చిన నమూనా జవాబుల్లో ఈ జాగ్రత్త ఎక్కడా లేదు.

ప్రవర్తన మీద అడిగే ప్రశ్నలకు సందర్భం, బాధ్యత, చేసిన పని, ఫలితం అనే వరుసలో జవాబు చెప్పే పద్ధతిని, అంటే స్టార్ పద్ధతిని, రెండో వారంలో నేర్పారు. ఇక్కడ శిక్షణకు మార్కులు వేయాలి. మనం రాసి పంపిన జవాబులను ఒక సమీక్షకురాలు చదివి పక్కన వ్యాఖ్యలు రాసి పంపేవారు. ఆమె ఒకప్పుడు క్రిటికల్ కేర్ ఎడ్యుకేటర్‌గా పనిచేసినవారు, మాట క్లుప్తం. నేను మొదట పంపినది, కొత్తగా చేరిన నర్సు పొటాషియం ఇన్ఫ్యూజన్ వేగాన్ని తప్పుగా పెట్టబోయిన సందర్భం. "మేము గమనించాం, మేము ఆపాం, మేము మళ్ళీ నేర్పాం" అని రాశాను. ఆమె ప్రతి "మేము" కిందా గీత గీసి, చివర ఒకే ఒక ప్రశ్న రాశారు: "ఇందులో మీరెక్కడున్నారు?"

నిజమే, వార్డులో ఏ పనీ ఒక్కరిది కాదు కనుక నేను అనడం మాకు అహంకారంలా తోస్తుంది, మేము అనడమే మర్యాద అని అలవాటు పడిపోయాం. అయితే ప్యానెల్ ఉద్యోగమిచ్చేది ఒక్కరికి. ఆ జవాబును నేను మూడుసార్లు తిరగరాశాను. చివరికి తేలినదేమిటంటే, గమనించింది నా పక్కనున్న సహోద్యోగి, ఆపింది ఆమే, తరువాతి వారం ఆ కొత్త అమ్మాయిని కూర్చోబెట్టుకుని లెక్కలు చేయించింది మాత్రం నేను. కథ చిన్నదైంది గాని అది పూర్తిగా నాది. ఇంటర్వ్యూలో అదే చెప్పాను.

ఇక డెమో క్లాసు. ఏదైనా ఒక నైపుణ్యాన్ని పది నిమిషాల్లో నేర్పుతూ వీడియో తీసి, దానితోపాటు ఒక పేజీ లెసన్ ప్లాన్ పంపాలి. రెండుసార్లు పంపే అవకాశం ఉంటుంది. నేను ఎంచుకున్న విషయం ఇన్సులిన్ సిరంజి. మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉండే సీసాలతోపాటు 40 యూనిట్లు ఉండే సీసాలు కూడా కొన్నిచోట్ల ఇంకా వాడుకలో ఉన్నాయి, దేని సిరంజి దానికి వేరు. 40 యూనిట్ల సిరంజిలో 20 గీత వరకూ తీస్తే అది అర మిల్లీలీటరు. ఆ అర మిల్లీలీటరును పొరపాటున 100 యూనిట్ల సీసాలోంచి తీస్తే, 20 అనుకుని ఇచ్చినది 50 యూనిట్లు అవుతుంది, అంటే రెండున్నర రెట్లు. కొత్తవారికి దీన్ని అరటిపండు ఒలిచినట్టు చెప్పగలనని నాకు గట్టి నమ్మకం ఉండేది.

శిక్షణ గదిలో ఇద్దరు జూనియర్లను కూర్చోబెట్టుకుని, బల్ల మీద రెండు రకాల సిరంజిలు, నీళ్ళు నింపిన ఖాళీ సీసాలు పెట్టుకుని వీడియో తీయించాను. స్లయిడ్లు ఎనిమిది. గొంతు స్పష్టంగా ఉంది, తొట్రుపాటు లేదు, పది నిమిషాలకు పది సెకన్ల ముందే ముగించాను. పంపిన రెండు రోజులకు వీడియో కాల్‌లో సమీక్ష జరిగింది. సమీక్షించిన మేడమ్ బోధన గురించి ఏమీ అనకుండా మొదట ఒక లెక్క అడిగారు: ఈ పది నిమిషాల్లో నేర్చుకునేవారి చేతిలో సిరంజి ఎంతసేపు ఉంది? వీడియో మళ్ళీ చూసుకున్నాం. ఒక్క క్షణం కూడా లేదు. మొదటి నుంచి చివరిదాకా నా చేతిలోనే ఉంది. వారిద్దరూ తల ఊపారు, ఒకరు ఒకసారి "అర్థమైంది మేడమ్" అన్నారు. ఆ ఒక్క మాటనే నేను అభ్యసన ఫలితంగా లెక్కేసుకుని తరగతి ముగించాను.

తరువాత లెసన్ ప్లాన్ తీశారు. లక్ష్యం దగ్గర "రెండు సిరంజిల మధ్య తేడాను అర్థం చేసుకుంటారు" అని ఉంది. అర్థం చేసుకోవడాన్ని బయటి నుంచి ఎలా చూస్తారని అడిగారు. 1956లో బ్లూమ్, ఆయన సహచరులు అభ్యసన లక్ష్యాలకు వేసిన వర్గీకరణ, దాని 2001 సవరణ, క్రియాపదాల పట్టికలు అన్నీ నాకు కంఠతా వచ్చు, ఆ వారమే పాఠం విన్నాను. అయినా నా సొంత పేజీలో కొలవడానికి వీల్లేని క్రియాపదమే రాసుకున్నాను. దాన్ని "ఇచ్చిన సీసాకు సరిపోయే సిరంజిని ఎంచుకుని, 20 యూనిట్లు తీసి చూపుతారు, మరో సిరంజి వాడితే వెళ్ళే మోతాదును లెక్కగట్టి చెబుతారు" అని మార్చాక తరగతి తీరు దానంతట అదే మారిపోయింది. చూపాలన్నాక సిరంజి వారి చేతికి ఇవ్వక తప్పదు.

మూడో వ్యాఖ్య నేను ఊహించనిది. బల్ల మీద పెట్టిన సీసాల మీద "శిక్షణకు మాత్రమే" అన్న చీటీ లేదు. నీళ్ళు నింపిన సీసా తరగతి ముగిశాక పొరపాటున జేబులోనో ట్రేలోనో వార్డుకు చేరితే ఏమవుతుందో ఐసీయూ నర్సుకు వేరే చెప్పనక్కరలేదు. ఎడ్యుకేటర్‌గా వెళ్ళేవారు మందుల భద్రత గురించి పాఠం చెబుతూ ఆ చీటీ మరిచిపోవడాన్ని ప్యానెల్‌లోని నర్సింగ్ సూపరింటెండెంట్ చూస్తే, మిగతా తొమ్మిది నిమిషాలు ఆమె చెవికి ఎక్కవని మేడమ్ అన్నారు. నాకు ముఖం చెల్లలేదు.

రెండోసారి తీసిన వీడియోలో స్లయిడ్లు రెండే. మొదటి నిమిషంలోనే సీసా, రెండు సిరంజిలు వారి ముందు పెట్టి 20 యూనిట్లు తీయమన్నాను. ఒకరు సరైనది ఎంచుకున్నారు, ఇంకొకరు తప్పుది తీసుకున్నారు. ఆపకుండా ఉండటానికి నా నాలుక కరుచుకోవలసి వచ్చింది, ఎందుకంటే వార్డులో అలాంటిది కంటపడితే సగం క్షణంలో చేయి పట్టుకుంటాం. గీత దాకా తీశాక, ఇప్పుడు ఇందులో ఎన్ని యూనిట్లున్నాయో కాగితం మీద వేయమన్నాను. ఆమె 50 అని రాసి, ఆ అంకెను చూసి సిరంజిని తానే కింద పెట్టేసింది. పెట్టిన తీరు వీడియోలో కనిపిస్తుంది, వేడి వస్తువును వదిలినట్టు. ఆ తరువాత నేను చేసింది, నైపుణ్యం నేర్పడానికి పేటన్ చెప్పిన నాలుగు అంచెలు: మాట లేకుండా మామూలు వేగంతో చేసి చూపడం, విడదీసి వివరిస్తూ మళ్ళీ చేయడం, వారు చెబుతుంటే నేను చేయడం, చివరికి వారు చెబుతూ వారే చేయడం. సమయం చాలక మొదటి అంచెను బాగా కుదించాను. 11 నిమిషాలు పట్టింది. నిమిషం ఎక్కువైనందుకు మందలించారు గాని, లెసన్ ప్లాన్ మీద ఒక్క దిద్దుబాటూ లేదు.

ప్యాకేజీలో ఇంత విలువైన భాగానికి కేటాయించినది రెండు సమీక్షలు, ఒక్కొక్కటి 40 నిమిషాలు. పాఠాల నిడివి మాత్రం గంటల కొద్దీ ఉంది. ఈ నిష్పత్తిని తలకిందులు చేసి, పాఠాలను సగానికి తగ్గించి సమీక్షలను నాలుగు చేస్తే నేను ఐదు నక్షత్రాలూ ఇచ్చేదాన్ని.

సిమ్యులేషన్ (బొమ్మ మీద చేసే అభ్యాసం), డీబ్రీఫింగ్ (ఆ తరువాత దాని గురించి మాట్లాడుకోవడం) మీద మూడో వారంలో వచ్చిన పాఠం రికార్డు చేసిన వాటిలో మెరుగైనది. మానికిన్ మీద ఛాతీ నొక్కుడు నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతున ఉండాలన్నది ఎవరైనా చెప్పగలరు. తగినంత లోతుగా నొక్కని అభ్యాసకులతో ఆ తరువాత ఎలా మాట్లాడాలన్నది కష్టం. పాఠంలో దాన్ని మూడు అడుగులుగా చూపించారు: నేను చూసినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పడం, దాని గురించి నా ఆందోళన ఏమిటో దాచకుండా చెప్పడం, ఆ క్షణంలో మీ ఆలోచన ఏమిటని నిజంగా తెలుసుకోవాలన్న కోరికతో అడగడం. మూడో అడుగు లేకపోతే అది మందలింపు, మొదటి రెండూ లేకపోతే అది ఎదుటివారు మన మనసులో ఏముందో ఊహించవలసిన పరీక్ష. దీని మీద ప్యానెల్ తప్పకుండా ఏదో ఒక రూపంలో అడుగుతుంది. ఎక్కువగా వినిపించే రూపం, 20 ఏళ్ళ సర్వీసున్న సీనియర్ నర్సు కొత్త పద్ధతిని ఒప్పుకోకపోతే ఏం చేస్తారన్నది. నమూనా జవాబులో విధానపత్రం చూపించి ఒప్పిస్తానని ఉంది. నేనైతే ఆ సిస్టర్‌ను పాత పద్ధతి ఎందుకు సురక్షితమనిపిస్తోందో అడిగి వింటానని, ఆమె చెప్పిన అభ్యంతరాల్లో నిజమైనది ఒక్కటైనా ఉంటుందని, దాన్ని చెక్‌లిస్టులోకి తెచ్చాక ఆమెనే ఆ షిఫ్టుకు ప్రిసెప్టర్‌గా ఉండమని కోరతానని చెప్పాను. పెద్దవారు తమ అనుభవానికి చోటు దొరికినచోటే నేర్చుకుంటారని వయోజన విద్య పండితుడు మాల్కమ్ నోల్స్ చెప్పినది ఇంతకంటే వేరేమీ కాదనుకుంటాను.

శిక్షణలోని పెద్ద లోపం ఒకటుంది. నర్సింగ్ కాలేజీలో బోధించే ఉద్యోగాన్నీ, ఆసుపత్రిలో సిబ్బందికి నేర్పే ఉద్యోగాన్నీ ఒకే గంపలో కలిపేశారు. కాలేజీ ప్యానెల్ కరిక్యులమ్, సిలబస్, ప్రశ్నపత్రాల తయారీ, ఓస్కీ (ఒక్కో స్టేషన్‌లో ఒక్కో నైపుణ్యాన్ని చేయించి చూసే పరీక్ష) స్టేషన్ల అమరిక, పరిశోధన గురించి అడుగుతుంది. ఆసుపత్రి ప్యానెల్‌కు కావలసినవి కొత్తవారి ఓరియెంటేషన్, కాంపిటెన్సీల ధ్రువీకరణ, కొత్త పరికరం వచ్చినప్పుడు రాత్రి షిఫ్టువారికి కూడా శిక్షణ అందించే ప్రణాళిక, జరిగిన పొరపాట్ల నివేదికలోంచి బోధించవలసిన అంశాన్ని ఏరుకునే తెలివి. ఇందులో చివరిదాన్ని శిక్షణ తాకనైనా లేదు. క్లాసు పెట్టడం ప్రతి పొరపాటుకూ పరిష్కారం కాదు. పంపులో అలారం శబ్దం వినబడక ఇబ్బంది వచ్చిందంటే అక్కడ మార్చవలసింది పంపును, నర్సును కాదు. ఈ తేడా చెప్పగలిగిన అభ్యర్థి మిగతావారి కంటే ఒక మెట్టు పైన ఉంటారు.

ఈ ఖాళీని నేను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో వెలువరించిన నర్స్ ఎడ్యుకేటర్ ప్రధాన సామర్థ్యాల పత్రంతో నింపుకున్నాను. పెద్దలు నేర్చుకునే తీరు, కరిక్యులమ్ అమలు, నర్సింగ్ ఆచరణ, పరిశోధన ఆధారాలు, సంభాషణా సహకారాలు, నైతిక చట్టపరమైన సూత్రాలు, పర్యవేక్షణ మూల్యాంకనం, నిర్వహణ నాయకత్వం అంటూ ఎనిమిది విభాగాలు అందులో ఉన్నాయి. ఒక్కో విభాగానికి నా పనిలోంచి ఒక్కో సంఘటన రాసుకుంటూ పోతే ఆరింటికి దొరికాయి, పరిశోధన దగ్గరా కరిక్యులమ్ దగ్గరా కాగితం ఖాళీగా మిగిలింది. ఏ ప్రశ్న వస్తే ఇబ్బంది పడతానో ఆ ఖాళీలే చెప్పాయి. ఆ పత్రం ఉచితంగా దొరుకుతుంది.

మాక్ ఇంటర్వ్యూల్లో మొదటిది బాగా జరిగింది, ఎందుకంటే దాన్ని తీసుకున్నది డెమో సమీక్షించిన మేడమే. రెండోది తీసుకున్నవారు నియామకాల విభాగంలో పనిచేసినవారు, నర్సింగ్‌తో సంబంధం లేదు. కెమెరా ఎత్తు, కూర్చునే తీరు, జవాబు నిడివి గురించి ఆయన చెప్పినవి కాదనలేనివే, అయితే ఓస్కీ అంటే ఏమిటని ఆయనే నన్ను అడగడంతో ఐదు నిమిషాలు నేను ఆయనకు పాఠం చెప్పవలసి వచ్చింది. 1975లో రొనాల్డ్ హార్డెన్ దాన్ని మొదట వివరించిన దగ్గర నుంచి మొదలుపెట్టాను. విన్నాక బాగా చెప్పారన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేరేముందే మాక్ ఇంటర్వ్యూలు ఎవరు తీసుకుంటారో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మంచిది.

చివర ప్యానెల్‌ను మనం అడగవలసిన ప్రశ్నల జాబితా కూడా ఇచ్చారు: సంస్థ సంస్కృతి ఎలా ఉంటుంది, ఎదుగుదలకు అవకాశాలేమిటి అన్నవి. ఏ ఉద్యోగానికైనా సరిపోయే ప్రశ్నలు ఏ ఉద్యోగానికీ సరిగ్గా సరిపోవు. నేను వాటిని పక్కనపెట్టి మూడు అడిగాను. శిక్షణకు వచ్చే నర్సును ఆ గంటసేపు వార్డు పని నుంచి విడుదల చేస్తారా, లేక డ్యూటీ ముగిశాక రమ్మంటారా? కాంపిటెన్సీ మీద చివరి సంతకం ఎవరిది, ఎడ్యుకేటర్‌దా, వార్డు ఇన్‌ఛార్జ్‌దా? సిబ్బంది తక్కువైన రోజున ఎడ్యుకేటర్‌ను పడకల దగ్గరికి పంపుతారా? మూడో ప్రశ్నకు ప్యానెల్‌లో ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జవాబు ఆ చూపులోనే అర్థమైంది.

సేవ నడిచే తీరు సంగతికి వస్తే, షిఫ్టుల్లో పనిచేసేవారిని దృష్టిలో పెట్టుకున్నట్టు కనిపించదు. సమీక్షల సమయాలన్నీ పగటిపూటే. నైట్ డ్యూటీ దిగి, హ్యాండోవర్ ఇచ్చి, కళ్ళు మూతలు పడుతుండగా నేను మొదటి మాక్‌కు కూర్చున్నాను. ఒకసారి వారే చివరి గంటలో వాయిదా వేశారు. ఆ రోజు కోసం నేను డ్యూటీ మార్చుకుని ఉన్నానని చెప్పినా కొత్త సమయం రావడానికి ఐదు రోజులు పట్టింది. వెబ్‌సైటు ఫోనులో సరిగ్గా తెరుచుకోదు. పాఠాలను మాత్రం వేగం పెంచుకుని వినవచ్చు, బస్సులో వెళ్తూ చాలావరకు అలాగే ముగించాను.

ఇప్పటికే ప్రిసెప్టర్‌గా ఒకటి రెండేళ్ళు చేసి, బోధన మీద చదువు లేనివారికి ఈ శిక్షణ ఉపయోగపడుతుంది. నర్సింగ్‌లో పీజీ చేసి కాలేజీలో బోధించిన అనుభవం ఉన్నవారికి పాఠాల్లో కొత్తదేమీ దొరకదు. అలాంటివారు డెమో సమీక్షను విడిగా ఇస్తారేమో అడిగి చూడాలి. ఇంటర్వ్యూకు వారం రోజులే ఉన్నవారు చేరకపోవడమే నయం, ఆ వారంలో ఇద్దరు జూనియర్లను కూర్చోబెట్టుకుని ఫోనులో వీడియో తీసి, శబ్దం ఆపేసి చూసుకుంటే ఎవరి చేతులు కదులుతున్నాయో తెలిసిపోతుంది.

అసలు ఇంటర్వ్యూలో నాకు ఇచ్చిన డెమో అంశం ఇన్సులిన్ కాదు, సక్షన్, అంటే క్యాథెటర్ అనే సన్నని గొట్టంతో రోగి శ్వాసమార్గంలోని కఫాన్ని తీయడం. సిద్ధం కావడానికి 20 నిమిషాలు ఇచ్చారు. క్యాథెటర్ ఎవరి చేతిలో ఉండాలన్నది ముందు తేల్చుకుని, మిగతాది దాని చుట్టూ అల్లుకున్నాను. రెండు వారాల తరువాత ఉద్యోగం వచ్చిందని ఉత్తరం వచ్చింది.

ఒక్క ఫిర్యాదు మిగిలింది. ప్యాకేజీ ముగిసిన 30 రోజులకు మన వీడియోలు వారి సైటులోంచి తొలగిపోతాయి, ఆ సంగతి షరతుల్లో ఎక్కడో అడుగున ఉంది. రెండో వీడియో నా ఫోనులో ఉంది గాని, మొదటిది స్నేహితురాలి ఫోనులో తీసినది, ఆమె చెరిపేసింది. సిరంజిని నేనే పట్టుకుని పది నిమిషాలు చక్కగా మాట్లాడిన ఆ తరగతిని వచ్చే నెల ప్రిసెప్టర్ల శిక్షణలో మొదటి అంశంగా వేసి చూపిద్దామనుకున్నాను. తిరిగి ఇప్పించమని వారికి మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు.